మార్గరీటా నోరు మూయించిన మా తాతయ్య

మా తాతయ్య ఎవరిస్తోకు ఈ లోకంలో ఇద్దరంటేనే భయం. ఒకరు మా నాయనమ్మ ఒర్తెన్సియా. రెండోది మార్గరీటా, డెబ్బై ఏళ్ళ ఆకుపచ్చ కారు. ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదో నేను చెప్పను. నేనింకా ఈ ఇంట్లో అన్నం తినాలి.

ఆ వారం మాత్రం గెలుపు మార్గరీటాదే. పొగగొట్టం తుప్పు పట్టి ఊడిపోయింది. ఇంజన్ మోగిస్తే మా ఊరు సియెన్‌ఫ్యూగోస్ రేవులో ఓడలు కూడా ఉలిక్కిపడేవి. ఆదివారం ఎదురింటి లెయానిస్‌కు పదిహేనేళ్ళు నిండుతాయి. మా వైపు ఆడపిల్లకు అది పెళ్ళంత పండగ. గులాబీ గౌనులో ఆ పిల్లను ఊరంతా ఊరేగిస్తానని అది పుట్టిన రోజే తాతయ్య మాటిచ్చాడు.

"ఇదేం మోత బాబాయ్! నా కూతురు పండక్కి వెళ్తోందా, యుద్ధానికా? శనివారానికి బాగవకపోతే వేరే బండి మాట్లాడుకుంటాం" అంది లెయానిస్ వాళ్ళమ్మ ఒనేలియా.

తాతయ్యకు ముద్ద దిగలేదు. నిజానికి దిగింది, కానీ నిట్టూర్చుకుంటూ తిన్నాడు.

కొట్లో కొత్త గొట్టం దొరికే రోజులు నేను పుట్టకముందే పోయాయి. నీళ్ళ పైపు ఒకటి సంపాదించి, వంచేటప్పుడు నొక్కుకుపోకుండా దాని నిండా ఎండు ఇసుక కూరి, రెండు చివర్లూ బిగించి, బొగ్గుల మీద కాల్చి వంచాడు. సైలెన్సర్‌కు మంటలార్పే సిలిండరు ఖాళీది దొరికింది. అందులో కుక్కడానికి నాయనమ్మ గిన్నెలు తోమే ఇనుప పీచంతా మాయమైంది.

"మరి నేను దేంతో తోమను?"

"ఇసుక మిగిలిందిగా, ఒర్తెన్సియా."

గరిటె తాతయ్య చెవి పక్కనుంచి పోయింది.

చట్రం కింద దుంగలు పెట్టి, చక్రాలు గాల్లో వేలాడుతుంటే, వీపు మీద దేకుతూ రెండు రోజులు బిగించాడు. శనివారం పొద్దున బండి దించి మోగిస్తే పిల్లికూన గురగురలాడినట్టుంది! ఒనేలియా వాళ్ళు ఆరుగురూ సంబరంగా ఎక్కారు. వీధి మలుపులో మొదటి గుంత. ఠంగ్! రెండో గుంత. ఠంగ్!

"చర్చి గంట కూడా కట్టావా బాబాయ్?"

నాకప్పుడు వెలిగింది. "చక్రాలు వేలాడుతుంటే కొలతలు తీశావు తాతయ్యా. జనం ఎక్కేసరికి బండి కుంగి, గొట్టం వెళ్ళి వెనక ఇరుసుకు కొట్టుకుంటోంది. నిలబడి కొలతలిచ్చిన ప్యాంటు కూర్చుంటే పిగలదూ?"

"పెద్ద ఇంజనీరువి! ముందే ఏడవకపోయావా?"

"అడిగావా?"

ఈసారి నాలుగు చక్రాలకూ ఎత్తుగా చెక్క పలకలు పేర్చి, బండిని వాటి మీదికి ఎక్కించాడు. ఆదివారం ఎక్కబోయే వాళ్ళందరినీ ఆ సీట్లలోనే కూర్చోబెట్టి, సుద్దముక్కతో కిందికి దూరాడు. పైన కాఫీలు, కబుర్లు.

"ఒనేలియా, కాస్త ఎడమకు జరుగమ్మా!" కిందనుంచి తాతయ్య.

"నన్నే ఎందుకంటావు?"

"నువ్వు జరిగితేనే బండికి తెలుస్తుంది!"

సుద్ద గీసిన చోట గొట్టం విప్పి, మళ్ళీ కాల్చి వంచాడు. ఇరుసుకూ గొట్టానికీ మధ్య రెండు వేళ్ళ సందు తేలింది. సాయంత్రానికి అవే గుంతల్లో, అదే జనంతో, చప్పుడు లేదు.

ఆదివారం లెయానిస్ రాణిలా చెయ్యూపుతూ ఊరేగింది. ఒనేలియా కళ్ళు తుడుచుకుంది. ముందు సీట్లో మా తాతయ్య మాత్రం ముఖం మాడ్చుకున్నాడు.

"ఇంత కష్టపడితే ఒక్కడూ తిరిగి చూడట్లేదే! హారన్ కొట్టుకోవాల్సి వస్తోంది."

పక్కనున్న నాయనమ్మ గౌను మడతలు సర్దుకుని ఆయన వైపు తిరిగింది.

"నలభై ఏళ్ళుగా ఈ కార్లో నేనేం చెప్పినా ఇంజన్ మోతలో వినపడలేదన్నావుగా. మొదట్నుంచీ చెప్తాను, విను."