బెంట్ నెయిల్స్ మొదటి డ్రమ్మర్

ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లాలో బెంట్ నెయిల్స్ అనే బ్యాండు ఒకటి ఉండేదంటే ఇప్పుడు అక్కడి ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళే నమ్మరు. నలుగురు మనుషులు, గట్టిగా ఏడాదిన్నర బతికింది. దాని మొదటి డ్రమ్మర్ నెవిల్ పాస్కో. ఆ ఫ్యాక్టరీలోనే బొగ్గును కోక్‌గా కాల్చే బట్టీల దగ్గర పని, పెళ్ళీ పెటాకులూ లేవు, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. శనివారం పబ్బులో బ్యాండు పాటగాడు రిస్టో గిటారు పట్టుకుని గొంతు చించుకుంటుంటే, వెనక నెవిల్ ఆగితే పాట కూలబడుతుందని బీరు పోసే ఆవిడకు కూడా తెలుసు. వారం మొత్తంలో అతను ఒంటరి కానిది ఆ కాసేపే.

ఆ ఊళ్ళో తన గొప్ప తాను చెప్పుకున్నవాణ్ణి చచ్చేదాకా ఏడిపిస్తారు. "బాగా వాయిస్తావటగా" అని అడిగితే "ఏదో, డబ్బాలు బాదుతుంటా" అనాలి. అప్పుడు అవతలివాడు "నోర్మూసుకుని రా" అని నాలుగు తిట్టాలి. ఆ తిట్లే మెచ్చుకోలు.

1982 ఎండాకాలంలో హాలివెల్ అనే రికార్డు కంపెనీ మనిషి వచ్చాడు. ఇంగ్లండు నుంచి దిగి పట్టుమని నెల కాలేదు. పాటలు విని, అందరినీ మెల్‌బోర్న్ తీసుకెళ్తానని ఒక్కొక్కరినే పక్కకు పిలిచి మాట్లాడాడు.

"మీరూ వస్తారా నెవిల్?"

నెవిల్‌కి సంతోషంతో ఊపిరాడలేదు. "నేనా? నేను కర్ర పడితే పిల్లులు కూడా పారిపోతాయండీ. ఇంకెవరినైనా మంచివాణ్ణి చూసుకోండి," అని, పడబోయే తిట్టు కోసం నవ్వుతూ నిలబడ్డాడు.

"దాచకుండా చెప్పారు, చాలా థాంక్స్," అని హాలివెల్ చేయి కలిపి వెళ్ళిపోయాడు.

వెనక్కి పిలవొచ్చు. ఇంకా గుమ్మం దాటలేదు. కానీ 'నేను బాగా వాయిస్తాను' అనే మాట పాస్కోల ఇంట ఇంతవరకు ఎవరూ అని ఎరగరు, ఇతనికీ నోరు పెగల్లేదు. రిస్టో వచ్చి నాలుగు తిట్టి లాక్కెళ్తాడనుకున్నాడు. రిస్టో రాలేదు. వ్యాను బయల్దేరే రోజున సామాన్లు ఎక్కించడానికి వెళ్తే ఎవరూ సరిగ్గా మొహం చూడలేదు. "జాగ్రత్తరా" అన్నాడు నెవిల్ రిస్టోతో. అంతే.

డ్రమ్స్ మీద దుప్పటి కప్పేశాడు. ఆ ఖాళీ శనివారాలు మాత్రం ఎంత కప్పినా కనబడుతూనే ఉండేవి. కోపమంతా ఆ ముగ్గురి మీదే, చెప్పుకుందామంటే ఉన్నదీ ఆ ముగ్గురే. మాంసం ముక్క వేయించుకుని, రేడియో పెట్టుకుని, డ్రమ్స్ మోత వినబడగానే కట్టేసేవాడు.

మెల్‌బోర్న్‌లో వాళ్ళు ఒక్క రికార్డు చేశారు. అది అమ్ముడుపోలేదు, కొత్త డ్రమ్మర్‌తో పొసగలేదు, బ్యాండు చెట్టుకొకరూ పుట్టకొకరూ అయింది. రిస్టో తిరిగొచ్చి అదే బట్టీలో చేరాడు. ఒకరోజు టీ విరామంలో నెవిల్ పక్కన వచ్చి కూర్చున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"ఎందుకురా మమ్మల్ని వదిలేశావ్?"

నెవిల్ అదిరిపడ్డాడు. "నేనా?"

"రానన్నావటగా, ఆ ఇంగ్లీషోడు చెప్పాడు. నెవ్ లేకపోతే నేనూ రానని మొండికేశా. ఇష్టం లేనివాణ్ణి ఈడ్చుకెళ్తావా అన్నాడు. మాకూ రోషమొచ్చింది. వాడు అబద్ధమాడాడేమో చెప్పరా. నిన్ను వదిలేసి పోయానేమోనని నాకు నిద్ర పట్టట్లేదు."

తనకోసం రిస్టో మొండికేశాడు! ఇన్నాళ్ళ కోపం ఒక్కసారిగా దిగిపోయి నెవిల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. రావాలనే ఉండిందన్న నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే వీడికి జన్మలో నిద్ర ఉండదు.

"అబద్ధం కాదులే. అప్పటికే నాకు డ్రమ్స్ అంటే విసుగు పుట్టింది. మీ మొహాలన్నా కూడా."

రిస్టో పగలబడి నవ్వాడు. "వెధవా, బతికించావు గదరా!" కాసేపు టీ తాగి, మెల్లగా అన్నాడు. "మళ్ళీ మొదలెడదామని నిన్ను అడగడానికే వచ్చా. నువ్వేమో విసుగంటున్నావ్. పోన్లే, క్రేన్ మీదుండే డార్సీని అడుగుతా."

"అడుగు," అన్నాడు నెవిల్. "వాడు బాగా వాయిస్తాడు."