బొగ్గు లారీలో పాశురాలు

జకరయ్య లారీ వెనక ఎక్కినవాళ్ళు నోరు మూసుకుని కూర్చోవడానికి వీల్లేదు. ఇదేం షరతురా నాయనా అని నంద్యాలలో అందరూ నవ్వేవాళ్ళు. సామానంతా ఎక్కించి, తాళ్ళు బిగించి, తీరా బండి కదిలే ముందు వెనక్కి వచ్చి, "ఎవురో ఒకరు మాట్లాడతాండండి. పాడినా సరే, తిట్టుకున్నా సరే. నాకు వినపడాల" అని చెప్పిగానీ స్టీరింగు పట్టేవాడు కాదు. మొగుడూ పెళ్ళాం ఎక్కితే ఈ మాట చెప్పే పనే ఉండదని లారీ యజమాని శేషయ్య వేళాకోళం చేసేవాడు. జకరయ్య నవ్వేవాడు కాదు.

యుద్ధం రోజులవి. పెట్రోలు కూపన్ల మీద కాస్తంత దొరికితే దొరికినట్టు. అందుకని లారీలూ బస్సులూ అన్నీ బొగ్గు మీదే నడిచేవి. జకరయ్య బండికి కాబిన్ వెనక, సామాను వేసే చోట ఎడమ మూలన, నిలువెత్తు ఇనప పీపా ఒకటి బిగించి ఉండేది. దాన్నిండా బొగ్గు పోసి, నిప్పంటించి, చేత్తో చక్రం తిప్పుతూ గాలి కొడితే గ్యాసు లేచేది. ఆ గ్యాసుతో ఇంజను నడిచేది. నడిచేది అనడం మర్యాద కోసం. ఎత్తు వస్తే ఎక్కలేక మూలిగేది, వాన పడితే అలిగేది, నిప్పు ఆరిందంటే మళ్ళీ రగిలించడానికి చేతులు పడిపోయేవి. ఆదివారం చర్చికి తెల్లచొక్కా తొడుక్కుని పోయినా జకరయ్య మెడ దగ్గర నల్లటి గీత కనపడుతూనే ఉండేది.

మసి ఎంత రుద్దినా పోదు, అది వేరే సంగతి. ప్రాణం తీసేది గ్యాసు. జకరయ్య క్లీనరు దేవరాజు దానికే పోయాడు. దేవరాజు అతని పెళ్ళాం తమ్ముడు. చాగలమర్రి నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. పీపా పక్కన వెచ్చగా ఉందని, సామాను మీద కప్పే టార్పాలిన్ పట్టా కింద పడుకున్నాడు. జకరయ్య దారిలో ఒకసారి బండి ఆపి తొంగి చూశాడు. మొహం ఎర్రగా కళకళలాడుతోంది. అలిసిపోయినాడు పాపం, పడుకోనీలే అని తన దుప్పటి కూడా తీసి కప్పి వచ్చాడు. నంద్యాల చేరాక లేపితే లేవలేదు. ఆ దుప్పటిని జకరయ్య మళ్ళీ ఇంట్లోకి తీసుకుపోలేదు.

ఇది జరిగిన మరుసటి ఏడాది, ఆళ్ళగడ్డ నుంచి రంగనాథం కాపురం నంద్యాలకు మార్చే పని తగిలింది. రంగనాథం అహోబిలం స్వామి కైంకర్యంలో ఉండే వంశం వాడు. నంద్యాలలో ఒక బడిలో పండితుడి ఉద్యోగం వచ్చింది. శేషయ్య చెప్పిన బాడుగ విని ఆయనకు కళ్ళు తిరిగాయి. పాతిక రూపాయలు, బొగ్గు ఖర్చు వేరే, ఎత్తుడు కూలి వేరే.

"ఏందప్పా, నాకు వచ్చే నెల జీతమంతా లారీకేనా?" అన్నాడు.

"ఎద్దులబండ్లు మాట్లాడుకో సామీ. బేగా పోతాయి," అన్నాడు శేషయ్య, పక్కకు తిరిగి.

చివరికి బొగ్గు ఖర్చు తగ్గించుకుని ఒప్పుకున్నారు. ఆ తగ్గింపుతోనే భార్య గోదాదేవినీ పిల్లల్నీ ముందు రోజు బస్సులో పంపించాడు రంగనాథం. మిగిలింది ఆయనా, ఆయన మేనత్త చూడామణీ.

చూడామణి చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుని పుట్టింట్లోనే ముసలిదైంది. తెల్లచీర, ముసుగు, ఒడిలో ఆరాధన పెట్టె. ఆ చిన్న చందనపు పెట్టెలో తరాలుగా వాళ్ళు పూజ చేసుకుంటున్న సాలగ్రామాలు ఉన్నాయి. పదిమందిని రాసుకుంటూ పోయే బస్సులో మడి నిలవదని ఆమె బస్సెక్కలేదు. కాబిన్లో జకరయ్య పక్కన కూర్చునే మాట అసలే లేదు. సామాను మధ్య కూర్చుంటానంది. కాబిన్లోకి రంగనాథం ఎక్కాడు.

జకరయ్యకు ఇవి కొత్త కాదు. కొత్త కాకపోయినా ప్రతిసారీ ఎక్కడో చురుక్కుమంటుంది. అయినా ఆమెకు చోటు అతనే చూశాడు. పీపాకు దూరంగా, లారీ వెనక అంచున, తెరిచి ఉన్న వైపు పీట వేయించాడు.

"అమ్మా, పీపా కాడికి పోవద్దు. పట్టా మూసుకోవద్దు. గమ్మునుండొద్దు, ఏదో ఒకటి చదువుతాండు. నాకు వినపడాల."

"పాశురాలు నీకు వినపడాలని చదివేవి గాదురా," అందామె పెట్టెను పైట చెంగుతో నడుముకు బిగించి కట్టుకుంటూ. "స్వామికి వినపడితే చాలు."

ఉత్సవం రోజు అవే పాశురాలు వీధి వీధంతా వినపడేట్టు చదువుతారు, ఎవరూ ఎవరి చెవులూ మూయరు. కానీ లారీలో, ఒంటరిగా తనకు తానే చదువుకునేటప్పుడు, ఆమె నియమం ఆమెది. చదివింది. పెదవులు కదిలేంత మెల్లగా చదివింది. బండి మోతలో జకరయ్యకు అప్పుడప్పుడూ ఒక సన్నటి రాగం మాత్రం చెవిన పడేది, కాసేపు వినపడేది కాదు, మళ్ళీ వచ్చేది. అది రానప్పుడల్లా అతని మెడ వెనక్కి తిరిగేది.

శిరివెళ్ళ ఇంకా రాకముందే వాన మొదలైంది. దారికి అడ్డంగా పారే వాగు దగ్గరికి వచ్చేసరికి ఎర్రనీళ్ళు రాళ్ళ కట్టడం మీదుగా దుముకుతున్నాయి. దాటడానికి లేదు. నీళ్ళు తగ్గేదాకా ఆగాల్సిందే. బండి ఆపాడు గానీ పీపాలో నిప్పు ఆపడానికి లేదు. ఆ వానలో ఆరిందంటే ఆ రోజుకు మళ్ళీ అంటుకోదు. జకరయ్య దిగి, గోనెపట్ట నెత్తిన వేసుకుని, మూత తెరిచి బొగ్గు పోసి వచ్చాడు. తర్వాత నీళ్ళ లోతు చూద్దామని వెదురుకర్ర పట్టుకుని వాగులోకి దిగాడు.

అతను వాగులో ఉన్నప్పుడే రంగనాథం కాబిన్ దిగి వెనక్కి పోయాడు. జల్లు లోపలికి కొడుతోంది. తాతలనాటి తాటాకు పుస్తకాల పెట్టె తడుస్తోంది. ఆయన పట్టాను కిందికి లాగి, అంచులు నాలుగు వైపులా బిగించి కట్టేశాడు. పుస్తకాలు తడవకూడదు, అత్త తడవకూడదు. ఆయన మనసులో ఉన్నది అంతే, పాపం.

జకరయ్య ఒడ్డుకు వచ్చి కాబిన్లో కూర్చున్నాడు. చెవి వెనక్కి పెట్టాడు. వాన చప్పుడు, నీళ్ళ చప్పుడు. రాగం లేదు.

"అమ్మా," అని కాబిన్ వెనక చెక్క మీద కొట్టాడు. జవాబు లేదు.

"ఏకాదశి. పొద్దున్నించీ పచ్చి నీళ్ళు గూడా ముట్టలేదు. కునుకు పట్టింటుంది," అన్నాడు పక్కన కూర్చున్న రంగనాథం.

జకరయ్య దిగి వెనక్కి పోయి చూశాడు. రంగనాథం గొడుగు పట్టుకుని వెంట వచ్చాడు. పట్టా బిగించి ఉంది.

"ఎవురు కట్టినారు సామీ ఇది?"

"నేనే. తడుస్తాంటే చూస్తా ఉండమంటావా?"

జకరయ్య ముడి మీద చెయ్యి వేశాడు. రంగనాథం ఆ చేతికి అడ్డంగా తన గొడుగు పెట్టాడు.

"నువ్వు ఎక్కగూడదు. లోపల స్వామి ఉండాడు."

"అట్లయితే మీరే ఎక్కండి."

"నేను నీ పక్కన కూర్చోని వచ్చినానే, నాకు మడి యాడుంది? ఆమెను నేనూ తాకగూడదు." ఆ మాట అంటూ తనే ఒక్క క్షణం ఆగిపోయాడు. అయినా గొడుగు తీయలేదు.

జకరయ్య పట్టాను ఒక పక్క కొంచెం ఎత్తి, ఆ సందులోంచి చూశాడు. పీట ఖాళీగా ఉంది. జల్లుకు తడిసిన చీరతో వణికి, వెచ్చగా ఉంటుందని సామాను మీదుగా పాకి పీపా దగ్గరికే పోయింది ఆమె. దానికి ఆనుకుని, తల పక్కకు వాల్చి, పెట్టె మీద చేతులు వేసుకుని కూర్చుని ఉంది.

రంగనాథం కూడా తొంగి చూశాడు. ఆయన మొహంలో ఆందోళన తగ్గింది. "చూడు, మొహం ఎంత ఎర్రగా కళగా ఉండాదో. హాయిగా నిద్రపోతాంది. లేపొద్దు."

ఆ ఎరుపు జకరయ్యకు తెలుసు. దాని మీద తన చేతుల్తోనే దుప్పటి కప్పాడు.

ఇంకో పక్క భయం కూడా చిన్నది కాదు. ఆమె నిజంగానే నిద్రపోతుంటే? మడిలో ఉన్న ముసలమ్మను, ఒడిలో స్వామితో సహా ముట్టుకున్నాడన్న మాట ఆళ్ళగడ్డలో పాకితే అతని వీపు మీద తోలు మిగలదు. గుడి బాడుగల మీద బతికే శేషయ్య ఆ సాయంత్రమే తాళంచెవి లాక్కుంటాడు. లారీ తప్ప అతనికి ఇంకో పని తెలియదు. ఇంట్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న పెళ్ళాం, ఇద్దరు బిడ్డలు. ఇదంతా అతని కళ్ళ ముందు తిరిగింది. తిరుగుతుండగానే చెయ్యి నడుములోని కత్తి తీసింది.

తాళ్ళు తెగాయి. ఎక్కబోతుంటే రంగనాథం చొక్కా పట్టుకుని లాగాడు. చొక్కా చిరిగింది గానీ జకరయ్య ఆగలేదు. బిందెలూ మంచాలూ తొక్కుకుంటూ పోయి ఆమె చంకల కింద చేతులు వేసి లేపాడు. పెట్టె ఆమె నడుముకే ఉంది, విప్పడానికి వ్యవధి లేదు. పెట్టెతో సహా ఎత్తుకుని కిందికి దిగాడు. గడ్డి మీద, వానలో పడుకోబెట్టి ముసుగు వెనక్కి తీశాడు.

ఆమె కదల్లేదు.

"పిలువు సామీ. పేరు పెట్టి పిలువు," అన్నాడు, రెండు చేతుల్తో ఆమె అరికాళ్ళు రుద్దుతూ.

రంగనాథం గొడుగు విసిరేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అత్తా, అత్తా" అని పిలిచాడు. ఆయనను ఎత్తుకుని పెంచింది ఆమే. మడీ ఆచారం అన్నీ మరిచి ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. జకరయ్య తన ప్రభువును తలచుకున్నాడు. ఇంకో దుప్పటి నా నెత్తిన వేయొద్దు అని, అంతే, అదొక్కటే వేడుకున్నాడు. వాన వాళ్ళందరి మీదా ఒకేలా కురుస్తోంది.

ఎంతసేపయిందో, ఆమె గొంతులో గరగరమని చప్పుడైంది. పక్కకు ఒరిగి వాంతి చేసుకుంది. మళ్ళీ ఊపిరి తీసింది. కళ్ళు తెరిచి ముందు నడుము తడుముకుంది. పెట్టె ఉంది.

"తల పగిలిపోతాందిరా," అంది. పెట్టెను ఒడిలోకి లాక్కుంటూ, "ఎవురు దించినారు నన్ను?" అంది.

రంగనాథం జకరయ్య వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. "నేనే అత్తా," అన్నాడు.

జకరయ్య తల దించుకున్నాడు. ఒక పక్క ప్రాణం లేచి వచ్చినట్టుంది. ఇంకో పక్క ఒళ్ళు మండింది. రెంటినీ కలిపి మింగేశాడు. చూడామణి లేచి కూర్చుంటూ తన చీర చూసుకుంది. తడిసిన తెల్లచీర మీద, చంకల కిందా నడుము దగ్గరా, ఐదేసి వేళ్ళతో నల్లటి చేతులు అచ్చుపడి ఉన్నాయి. మేనల్లుడి చేతుల వైపు చూసింది. వాన కడిగిన తెల్లటి చేతులు.

మళ్ళీ వెనక ఎక్కించే మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె కాబిన్లో కిటికీ వైపు కూర్చుంది, మధ్యలో రంగనాథం. నీళ్ళు కొంచెం తీసినట్టు కనపడగానే జకరయ్య బండిని వాగులోకి దింపాడు. చక్రాల కింద రాళ్ళు కదిలాయి. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగకుండా ఒడ్డెక్కింది.

ఒడ్డెక్కగానే ఆమె చదవడం మొదలుపెట్టింది.

మెల్లగా కాదు. ఇంజను మోతను మించి, గొంతు చించుకుని చదివింది. మధ్యమధ్య దగ్గు తెర వచ్చేది, ఆగి మళ్ళీ అందుకునేది. "అత్తా, నీకు ఒంట్లో బాగలేదు, గొంతు పోతుంది, మనసులో చదువుకో" అన్నాడు రంగనాథం. ఆమె ఇంకాస్త పెంచింది. అరవంలో ఉన్న ఆ పాశురాల్లో జకరయ్యకు ఒక్క మాటా అర్థం కాలేదు. అర్థం కాకపోతేనేం, ఆ దారంతా అతను ఒక్కసారి కూడా ఆమె వైపు తిరిగి చూడాల్సిన పని పడలేదు.

నంద్యాలలో కొత్త ఇంటి ముందు బండి ఆగేసరికి గోదాదేవి పళ్ళెంలో హారతితో నిలబడి ఉంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. అంతమంది ముందు చూడామణి కాబిన్లోంచి దిగింది. గోదాదేవి చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"అత్తా, చీర మీద ఏందీ ఆ చేతులు?"

జకరయ్య స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. అతని కూడు, అతని వీపు, అన్నీ ఇప్పుడు ఆ ముసలమ్మ నోట్లో ఉన్నాయి.

"చేతులే," అంది చూడామణి. గొంతు బొంగురుపోయి మాట గీరుకుంటూ వస్తోంది. "అవి లేకుంటే నేను ఈడ దిగేదాన్నేనా? బాయిలో నీళ్ళు తోడించు. స్నానం చేసి స్వామికి తిరుమంజనం చేయాల."

ఆమె పెట్టెను ఒడిసి పట్టుకుని రెండు అడుగులు వేసింది. వాకిలి దాకా పోయి, ఆగి, లారీ వైపు తిరిగింది.

"ఏం నాయనా, వినపడిందా?"

జకరయ్య చిరిగిన చొక్కా చేత్తో దగ్గరికి పట్టుకుని కిందికి దిగాడు.

"వినపడిందమ్మా," అన్నాడు. "వాగు కాడి నుంచి ఈడి దాకా వినపడింది."