తవుడిచ్చి కొన్న పేరు

మాస్టారు పోయారన్న కబురు పొద్దున్నే మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పెట్టినవారు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. తరవాత ఒకరు "ఎవరండీ ఈయన?" అని అడిగారు. ఇంకొకరు "మన బ్యాచేనా?" అన్నారు. చివరికి ఎవరో "ఒరే, మన ఇంగ్లీషు మాస్టారురా" అని రాశాక గానీ ఎవరికీ తెలియలేదు. అప్పుడు మొదలయ్యాయి ఏడుపులు.

చోడవరంలో కనపడిన ప్రతివాడి పేరూ కూపీ లాగిన మనిషికి సొంతంగా ఒక పేరుంటుందని మాలో ఎవరికీ తట్టలేదంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను కూడా ఇక్కడ మాస్టారు అనే రాస్తాను. ఆ పూర్తి పేరు రాస్తే ఎవరో పరాయి పెద్దమనిషి గురించి రాస్తున్నట్టుంటుంది.

ఆయన క్లాసులోకి వచ్చిన మొదటి రోజు పాఠం ఉండేది కాదు. గొంతు కోసమని ఎప్పుడూ బుగ్గన ఒక బెల్లం ముక్క ఉండేది. దాన్ని ఆ దవడ నుంచి ఈ దవడకి మారుస్తూ ఒక్కొక్కరినీ లేపి అడిగేవారు: "నీ పేరేటి? దానర్థం ఏటి? ఎవరు పెట్టేరు?" మొదటిదానికి అందరూ ఠక్కున చెప్పేవాళ్ళం. రెండోదానికి సగంమంది నీళ్ళు నమిలేవాళ్ళు. మూడోదానికి దాదాపు అందరం నేల చూపులే.

మా క్లాసులో సాల్మన్ అనే అబ్బాయి, సలీం అనే అబ్బాయి, శాంతి అనే అమ్మాయి ఉండేవాళ్ళు. మగపిల్లలిద్దరికీ ఆ మధ్యే క్రికెట్ దగ్గర కొట్లాట అయ్యి మాటల్లేవు. మాస్టారు ముగ్గుర్నీ బోర్డు దగ్గరికి పిలిచి వరసగా నిలబెట్టారు. "ఒరే, మీ ఇద్దరి పేర్లూ ఒకే వేరుకి పుట్టినవిరా. ఒకడిది యూదుల బాస, ఒకడిది అరబ్బుల బాస. సాంతంగా ఉండటం, సల్లగా ఉండటం, ఆ అర్థమే. ఈ గుంటేమో అదే పేరు సంస్కృతంలో పెట్టుకుంది. ఒకే పేరు పెట్టుకుని కొట్టుకుంటారేట్రా?" అన్నారు. వాళ్ళు ఆ సాయంత్రం కూడా కొట్టుకున్నారనుకోండి. కానీ కొట్టుకుంటూ మధ్యలో నవ్వారట.

సీత అనే అమ్మాయికి ఆ మాటకి నాగటిచాలు అని అర్థమని చెబితే, ఆ పిల్ల ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నకి చెప్పింది. రావికమతం వైపు చెరకు వేసుకునే మనిషి. మర్నాడు ఆయన పనిమాలా బడికి వచ్చి, "నిజమేనా బాబూ? నాను దేవుడి పేరనుకుని పెట్టేను. పొలం పేరా అది?" అని అడిగి, ఎంతో సంతోషపడి వెళ్ళాడు.

బడి బయట కూడా ఇదే వరస. టీ కొట్టు దగ్గర ఒరియా మేస్త్రి కనపడినా, చెరకు లారీ మీద వచ్చిన పొరుగు రాష్ట్రం డ్రైవరు కనపడినా వదిలేవారు కాదు. "కూరలకి పంపితే సంచీ ఖాళీగా తెస్తారు, పేర్లు మాత్రం మోసుకొస్తారు" అని వాళ్ళావిడ వేళాకోళం చేసేవారు. ఆయన మాత్రం తడుముకునేవారు కాదు. "పేరుకి అర్థం సగమే డిక్షనరీలో ఉంటాది. మిగతా సగం పెట్టినోళ్ళ దగ్గరుంటాది. ఆళ్ళు బతికుండగా అడిగేసుకోవాల" అనేవారు.

ఇప్పుడు నా పేరు సంగతి చెప్పాలి. నాకు పెట్టిన పేరు తవుడు. అవును, ధాన్యం ఆడిస్తే వచ్చే తవుడే. మా వైపు పాతకాలంలో ఈ పేరు అరుదేమీ కాదు గానీ, మా క్లాసులో మాత్రం నేనొక్కడినే. నేను గేటు దాటేసరికి "తవుడొచ్చేడు, గేదెల్ని కట్టండిరా" అని ఎవడో ఒకడు అరిచేవాడు. నా వంతు వచ్చినప్పుడు మాస్టారు అర్థం అడగనేలేదు, అది అందరికీ తెలుసు. "ఎవరు పెట్టేరు?" అని మాత్రం అడిగారు. తెలీదన్నాను. "కనుక్కోరా. ఊరికే పెట్టే పేరు కాదది" అన్నారు.

అమ్మ మొదట చెప్పలేదు. రెండు మూడు సార్లు విసుక్కున్నాక చెప్పింది. నాకు ముందు ఇద్దరు పుట్టి, పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే పక్కింటి పెద్దమ్మ నన్ను చేటలో పడుకోబెట్టుకుని, "ఈడు నా బిడ్డ" అని గట్టిగా అని, వాళ్ళ గుమ్మంలోకి తీసుకుపోయింది. అమ్మ దోసెడు తవుడిచ్చి నన్ను తిరిగి కొనుక్కుంది. ఆ తవుడు పేరే పెద్దమ్మ నాకు పెట్టింది. అప్పట్నుంచీ నేను ఈ ఇంటి బిడ్డని కాదు, తవుడికి కొన్న పరాయి సరుకుని. ఈ ఇంటి బిడ్డ కోసం చావు వచ్చినా, తవుడెవరో దానికి పట్టదు.

పదో తరగతి పరీక్షకి పేర్లు పంపే రోజులు దగ్గర పడ్డాయి. అక్కడ ఏ పేరు వెళితే జన్మంతా అదే. నేను ప్రదీప్ అని మార్చుకుంటానని ఇంట్లో పేచీ పెట్టాను. అమ్మ అన్నం మానేసింది. "ఆ పేరు తీసేస్తే నువ్వు కనపడిపోతావురా" అని ఒకటే మాట. కోపం కాదు, వణుకు. ఆ వణుకు చూస్తే నాకు భయం వేసింది, గేటు దగ్గరి అరుపులు గుర్తొస్తే ఉక్రోషం వచ్చింది. ఏం చెయ్యాలో తోచక మాస్టారికి చెప్పాను.

"ప్రదీపంటే దీపం. మంచి పేరేరా. కానీ దీపం అందరికీ కనపడతాది. మీ అమ్మ భయం కూడా అదే" అన్నారాయన. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు.

ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా అంటారేమోనని నేను ఎదురు చూశాను. ఆయన అరుగు మీద కూర్చుని, బెల్లం ముక్క సర్దుకుని, కబుర్లు మొదలుపెట్టారు. బెంగాల్లో బిడ్డని మూడు గవ్వలకి అమ్మినట్టు నటించి, ఆ గవ్వల పేరే పెడతారట. మరాఠీవాళ్ళు రాయి అని పెడతారట. మంగోలియా అని మంచుదేశం ఉందట. అక్కడ బిడ్డకి 'ఇది కాదు' అని పేరు పెడతారట. ఎవరికోసమో వచ్చిన చావు పేరడిగి, "ఇది కాదట" అనుకుని వెళ్ళిపోవాలని.

అమ్మ నోరు తెరుచుకుని విన్నది. "అయితే బాబూ, అక్కడ కూడా సావు తెలివితక్కువదేనా?" అంది.

"అన్ని దేశాల్లోనూ తల్లులే తెలివైనోళ్ళమ్మా" అన్నారు మాస్టారు. ఆ పేచీ మొదలయ్యాక అమ్మ నవ్వడం నేను అప్పుడే చూశాను. నవ్వింది గానీ ఒప్పుకోలేదు. అప్పుడాయన, "పేరు పెట్టింది నువ్వు కాదు గదా. కొన్నదానివి నువ్వు, అమ్మినావిడ వేరే. ఆవిడనే అడుగుదాం" అన్నారు.

పక్కింటి పెద్దమ్మ అప్పటికి చీడికాడలో కూతురి దగ్గర ఉంటోంది. ఆదివారం ముగ్గురం సర్వీసు ఆటో ఎక్కి వెళ్ళాం. అమ్మ దారంతా నా చెయ్యి వదల్లేదు. పెద్దమ్మకి చూపు ఆనడం లేదు. నా మొహమంతా తడిమి చూసి, నూనూగు మీసం దగ్గర ఆగి, పకపకా నవ్వింది. సంగతంతా విని, అమ్మ మీద కసురుకుంది.

"ఆ పేరు నాను ఈడికి పెట్టేనేటే? సావుకి సెప్పేను. అదప్పుడే ఇనేసి ఎల్లిపోనాది. ఈడికి మీసాలొచ్చేసేయి, ఇంకా ఆ పేరు మొయ్యమంటావేటి? ఏది నచ్చితే అది పెట్టుకోనీ."

అమ్మ ఏడ్చేసింది. మాస్టారు మాత్రం ఆ మాటని లోలోపల మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నట్టు పెదాలు కదిపారు. తిరుగు ప్రయాణంలో, "నాను ఇన్నాళ్ళూ పేర్లు మనుసులకి పెడతారనుకున్నానురా" అన్నారు. మర్నాటి నుంచి ఆయన నన్ను ప్రదీప్ అనే పిలిచారు. ఒక్కసారీ పొరపాటు పడలేదు. గేదెల సంగతి ఎత్తినవాడికి కూడా ఆ పేరే గుర్తుచేసేవారు. బడిలో, కాలేజీలో, తరవాత ఉద్యోగంలో నేను ప్రదీప్‌నే. అమ్మకి మాత్రం తవుడినే. పెద్దమ్మ వదిలేసినా తను వదల్లేదు. నా పెళ్ళి పందిట్లో కూడా మైకులో వినపడేట్టు "ఒరే తవుడూ" అని పిలిచింది.

ఈ ఎండాకాలంలో మాస్టారికి జబ్బు ముదిరింది. విశాఖ డాక్టర్లు ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని పంపేశారు. అమ్మ, నేనూ చూడ్డానికి వెళ్ళాం. వెళ్ళే ముందు అమ్మ నన్ను రైసు మిల్లుకి తిప్పింది, తవుడు కావాలని. ఎందుకని అడిగితే చెప్పలేదు. తీరా అక్కడికి వెళ్ళాక మంచం పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, గోడలదిరేట్టు "ఈయన మా మనిసి" అంది. తరవాత తెచ్చిన తవుడు చేటలో పోసి, చేటతో సహా వాళ్ళావిడ చేతిలో పెట్టి, "నాకియ్యమ్మా. ఇచ్చి మీ ఆయన్ని కొనుక్కో" అంది. తవుడూ తనదే, బేరమూ తనదే. ఇంగ్లీషు మాస్టారి భార్య, చదువుకున్నావిడ, చేట వంచి ఆ తవుడు అమ్మ కొంగులో పోశారు.

మాస్టారు కళ్ళు తెరిచి ఇదంతా చూస్తున్నారు. మాట పీలగా వచ్చింది. "ఈడిని దోసెడుకే కొన్నావు గదమ్మా? నాకు సేటెడా? రేటు పెరిగిందే."

"మా వోడి పేరే మీకిచ్చేస్తన్నాను బాబూ. ఆడికి బాగా పని సేసింది" అంది అమ్మ. తరవాత మెల్లగా పిలిచింది, "తవుడు బాబూ" అని.

ఆయన "ఆఁ, ఉన్నానమ్మా" అన్నారు, మేం హాజరు పలికినట్టే.

నాకు దుఃఖం ఆగలేదు, పెరట్లోకి వెళ్ళిపోయాను. అమ్మ దగ్గర ఉన్న గట్టి ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని ఆయనకి రాసిచ్చేసింది. ఆ రోజు నుంచి అమ్మ నన్ను తవుడూ అని పిలవడం మానేసింది. ప్రదీపూ అని నోరు తిరక్క, తడబడుతూ, అలాగే పిలిచేది. ఒక పేరు ఇద్దరి మీద ఉంటే చావు పోల్చేసుకుంటుందని తన భయం. వారం దాటడం కష్టమని డాక్టర్లు చెప్పిన మాస్టారు వానలు పడేదాకా ఉన్నారు. అది మందుల వల్లనో, తవుడు వల్లనో నాకు తెలియదు. ఆయన్ని అడిగి ఉంటే మంగోలియాలో ఏమంటారో చెప్పేవారు.

శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధిలోనే నిలబడి ఉంది. నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చేత్తో నా చొక్కా గట్టిగా పట్టుకుంది. నా మొహం చూడటం లేదు. నా భుజం మీదుగా, నేను నడిచి వచ్చిన దారి చూస్తోంది.

"లోపలికి రా, తవుడూ" అంది, ఆ వీధి చివరిదాకా వినపడేట్టు.