ఆది జాకెట్టు

నాకు మీటింగులంటే ఒళ్ళుమంట. ఇప్పటికీ అంతే. గోడకి బ్యానరు కట్టి, కుర్చీలు గుండ్రంగా వేసి, "మీ మనసులో మాట చెప్పండి" అంటే నా మనసులో ఒకటే మాట: ఎప్పుడు వదుల్తారు? తొంభైల చివర్లో అమలాపురంలో మేం మొదలుపెట్టుకున్న మీటింగుల్లో కూడా నేను గుమ్మం పక్కనే కూర్చునేదాన్ని. అందరూ చెప్పులు బయట విడిస్తే నేను నా కుర్చీ కింద పెట్టుకునేదాన్ని. లేచిపోవాలనిపిస్తే వెతుక్కోనక్కర్లేదు కదా.

మాలాంటివాళ్ళం పదిహేను మంది దాకా ఉండేవాళ్ళం. మగపిల్లలని పేరుపెట్టి పెంచితే, కాదు ఆడవాళ్ళమని ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళం. ట్రాన్స్‌జెండర్ అనే మాట అప్పటికి మాకు తెలీదు. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని అనే మాటలు వేరే ఉండేవి, అవి ఇక్కడ రాయను. రెండో శనివారం మధ్యాహ్నం, కొబ్బరి తాళ్ళు అమ్మే కొట్టు మీద గదిలో చేరేవాళ్ళం. ఒకసారి నర్సమ్మ వచ్చి బీపీ చూసి, ఏ జబ్బుకి ఎక్కడికి వెళ్ళాలో చెప్పింది. ఇంకోసారి లాయరుగారొకరు వచ్చి, పోలీసులు ఊరికే స్టేషనుకి రమ్మంటే ఏం అడగాలో నేర్పారు. రేషన్ కార్డుకి అర్జీలు రాసుకున్నాం. అన్నీ పనికొచ్చేవే. ఒకచోట కూర్చోలేకపోవడం నా జబ్బు.

నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. నా కుట్టుకి ఊళ్ళో మంచి పేరే ఉండేది. కానీ ఒక్క ఆడమనిషి కూడా నా చేత కొలతలు తీయించుకోలేదు. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు తెచ్చి, "ఇదిగోనండి ఆది జాకెట్టు, ఇలాగే కుట్టెయ్యండి" అని గుమ్మంలోంచే ఇచ్చి వెళ్ళేవారు. మగ టైలరుకి అలాగే ఇస్తారు. మర్యాదగానే మాట్లాడేవారు, అండీ అనకుండా ఒక్క మాటా ఉండేది కాదు. అయినా ప్రతి ఆది జాకెట్టూ నన్ను మగవాణ్ణి అన్నట్టే ఉండేది. టేపు మాత్రం పొద్దున లేవగానే మెడలో వేసుకునేదాన్ని, మొండితనానికి.

ఈ మొండితనం చిన్నప్పటిది. మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో అమ్మకి కుట్టుమిషను ఉండేది. నాన్న పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళగానే దాని ముందు కూర్చునేదాన్ని. పదిహేనేళ్ళు వచ్చేసరికి అమ్మ జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. నాన్నకి తెలిస్తే బెల్టు తీస్తారని ఆ సంగతి అమ్మ కడుపులో పెట్టుకుంది. కానీ ఒకరోజు నేను టేపు పట్టుకుని అమ్మ దగ్గరికి వెళితే వెనక్కి జరిగింది. "తప్పురా, మగపిల్లాడివి. ఆది పెట్టుకుని కుట్టు," అంది. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. నాన్న బెల్టు దెబ్బలు మర్చిపోయాను గానీ ఆ వెనక్కి జరగడం మర్చిపోలేదు.

ఇల్లు వదిలి ఎనిమిదేళ్ళయింది. నాన్న పోయారని ఎవరో చెబితే తెలిసింది, అదీ ఏడాది తర్వాత. అమ్మ నాకు ఒక్క బస్సు, ఒక్క పడవ రేవు దూరంలోనే ఉంది. వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. వెళితే మళ్ళీ వెనక్కి జరుగుతుందేమోనని భయం.

అంతలో మాలో ఒకామెకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో వెయ్యాలా మగవాళ్ళ వార్డులో వెయ్యాలా అని తేల్చుకోలేక రెండు రోజులు వరండాలో ఉంచారు. మీ ఇంటివాళ్ళని పిలవండన్నారు. పిలవడానికి ఎవరున్నారు? ఆమె ఎలాగో బతికి బయటపడింది. మా అందరికీ పెద్దది, మేం పెద్దక్క అని పిలిచే ఆవిడ, తర్వాతి మీటింగులో తేల్చి చెప్పింది. "మనలో మనం ఎన్ని మాటాడుకుంటే ఏం లాభమే? ఈసారి మన అమ్మల్ని పిలుద్దాం. పేరంటానికి పిలిచినట్టు బొట్టు పెట్టి పిలుద్దాం. భర్త ఉన్నా లేకపోయినా అందరికీ బొట్టే. వచ్చినోళ్ళకి పండు, జాకెట్టు గుడ్డ పెట్టి పంపుదాం."

మా ఇళ్ళకి మేమే వెళితే తలుపులు తెరవరని ఒకరింటికి ఒకరు వెళ్ళాలనుకున్నాం. నాకు ఉప్పలగుప్తం దగ్గర ఒక రైతుల ఇల్లు పడింది. ఆ ఇంట్లో పుట్టిన నా స్నేహితురాలికి మా ఇల్లు పడింది. ఇద్దరం చెరో కుంకుమ భరిణె పట్టుకుని ఒకే పొద్దున చెరో బస్సు ఎక్కాం.

వాళ్ళమ్మగారు పెరట్లో కొబ్బరి మట్టలు ఎండేస్తున్నారు. సంగతి చెప్పగానే అటూ ఇటూ చూసి, నుదురు ముందుకు పెట్టారు. నేను బొట్టు పెట్టాను. "మా కోడలొచ్చే వేళయిందండి, వెళ్ళండమ్మా. వత్తాన్లెండి," అన్నారు. తిరుగు బస్సులో నా అంత గొప్పది లేదనుకుంటూ కూర్చున్నాను. చెమట తుడుచుకుంటుంటే నా బొట్టుబిళ్ళ చేతికి తగిలింది. సీట్లోంచి లేచి నిలబడ్డాను.

మాది క్రైస్తవుల ఇల్లు. అమ్మ పుట్టి బుద్ధెరిగి బొట్టు పెట్టుకోలేదు. నేను ఇల్లు వదిలాక పెట్టుకోవడం మొదలెట్టాను, రూపాయి బిళ్ళంత. నన్ను చూసినవాళ్ళెవరికీ మాది చర్చికెళ్ళే ఇల్లని అనుమానం రాదు. నేనూ చెప్పలేదు. "మీ ఇంటి సంగతులు చెప్పండి" అన్నప్పుడల్లా మంచినీళ్ళకని లేచిపోయే మనిషిని, ఎప్పుడు చెబుతాను? ఇప్పుడు ఆ పిల్ల కుంకుమ భరిణె పట్టుకుని, తెల్లచీర కట్టుకున్న మా అమ్మ నుదుటి మీదికి వెళుతోంది. నా బుద్ధి తగలబడ. ఆపడానికి ఫోనా పాడా.

బస్టాండులో నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. రేవు వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూశాను. సాయంత్రం నాలుగింటికి దిగింది మహాతల్లి. దిగీ దిగకముందే చెయ్యి పట్టుకున్నాను.

"బొట్టు పెట్టేసేవా?"

"భరిణె మూత తీసేను. మేం పెట్టుకోమమ్మా, ఏమనుకోకు అన్నారు. నువ్వొక ముక్క చెప్పొద్దటే? సిగ్గుతో చచ్చేను."

"తర్వాత?"

"ఎవరు పంపేరమ్మా అన్నారు. మీ అమ్మాయండి అన్నాను. మా అమ్మాయి కాకినాడలో ఉంది కదా అన్నారు. ఆవిడ కాదండి, రెండో అమ్మాయి అన్నాను."

మా అక్క పక్కన నన్ను నిలబెట్టి, ఆ ఇంటి గుమ్మంలో ఆ మాట అనగలిగిన మనిషి ఇదేనా అని చూశాను.

"తలుపేసేసిందా?"

"లేదే. లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చేరు. మిషను కుడతందా అనడిగేరు. ఆయ్, బాగా కుడద్దండి అన్నాను."

"వస్తానందా?"

"చూద్దాంలే అన్నారు."

చూద్దాంలే అంటే మా వైపు రాననీ కావచ్చు, వస్తాననీ కావచ్చు. ఆ వారమంతా దాన్ని నిలబెట్టి అదే అడిగాను. ఏ ముఖం పెట్టి అంది, నవ్విందా, గుమ్మం దాకా వచ్చిందా. చివరికి అది విసుక్కుంది. అమ్మకి పెట్టాల్సిన జాకెట్టు గుడ్డని నేను గుడ్డగా ఉంచలేదు. పాత ఆది కొలత నా చేతుల్లో ఉంది. తెల్ల గుడ్డ, మోచేతి దాకా చేతులు. మూడుసార్లు కుట్టు విప్పి మళ్ళీ కుట్టాను.

శనివారం వచ్చింది. పిలిచినవాళ్ళలో సగం మంది కూడా రాలేదు. ఉప్పలగుప్తం అమ్మగారు అందరికన్నా ముందొచ్చి, కూతురి పక్కన కూర్చుని, దాని జడ చేతిలోకి తీసుకుని అల్లడం మొదలెట్టారు. నేను మెట్లు దిగాను, ఎక్కాను. రోడ్డు చివర దాకా వెళ్ళి వచ్చాను. "కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? వత్తే వత్తారు, లేపోతే లేదు," అంది పెద్దక్క. తనకేం, వాళ్ళమ్మ ఎప్పుడో పోయింది అని పైకే అనేశాను. అన్న మరుక్షణం నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

మూడు దాటాక మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తెల్లచీర, చంకన బైబిలు సంచి. అమ్మ ఇంత చిన్నదైపోయిందేమిటి? "వందనాలండి," అంది అందరికీ కలిపి. నా వంక చూడలేదు. గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో, అంటే నా కుర్చీలో, కూర్చుంది. కాలికి తగిలినట్టున్నాయి, కిందికి వంగి చూసింది.

"ఈ చెప్పులెవరివి?"

"నావే," అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత మా మొదటి మాటలు అవి.

"చిన్నప్పుడు చర్చిలోనూ అంతే, నీ చెప్పులు నీ దగ్గరే," అంది అమ్మ.

పెద్దక్క అమ్మలందరికీ మా సంగతులు చెప్పింది, వరండాలో పడుకోబెట్టిన రెండు రోజుల గురించి కూడా. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. తర్వాత బొట్టు పెట్టి పళ్ళెం ఇచ్చే పని నాది. ఒక్కొక్కరికీ పెట్టుకుంటూ వచ్చి, అమ్మ దగ్గర భరిణె మూసేసి జాకెట్టు పొట్లం మాత్రం చేతికిచ్చాను. అమ్మ అక్కడే విప్పింది. జాకెట్టు తిరగేసి లోపలి కుట్టు చూసింది. చంక దగ్గర వేలితో లాగి చూసింది.

"ఎవరి కొలత ఇది?"

"నీదే. పాత ఆది గుర్తుంది."

"పాతదే. ఇప్పుడిది నా మీద గోనెసంచిలా వేలాడుద్ది."

"ఇప్పటి ఆది జాకెట్టు ఒకటి పంపు. సరిచేసి ఇస్తాను." నా గొంతు దుకాణంలో మాట్లాడినట్టే వచ్చింది.

"ఆది ఎక్కడిది? నువ్వెళ్ళినప్పటి నుంచి అన్నీ వదులుగానే ఉంటన్నాయి. మా ఊళ్ళో టైలరు మగమనిషి. ఆయనకి కొలతలివ్వలేను కదా." అమ్మ బైబిలు సంచి కుర్చీలో పెట్టి లేచి నిలబడింది. "మెడలో ఉందిగా టేపు. తియ్యి."

అని, అంతమంది ముందు రెండు చేతులూ ఎత్తింది.

నేను టేపు అమ్మ వీపు వెనక నుంచి తెచ్చి ముందుకి కలిపాను. ఆ బట్టల సబ్బు వాసన మారలేదు. అమ్మ వెనక్కి జరగలేదు. కళ్ళల్లో నీళ్ళు నిండి అంకె కనపడలేదు, అయినా తోచింది చెప్పాను.

"ముప్పై రెండు."

"ఇంకోసారి చూడు," అంది అమ్మ, చేతులు దించకుండా.