ఒక్క సీటు కారు కింద నిమ్మకాయలు

మొన్న ఉమ్ అల్ క్వైన్‌లో మా వర్క్‌షాప్ ముందు చాయ్ తాగుతుంటే, ఒక కరెంటు కారు పిల్లిలా వెనకనుంచి వచ్చి ఆగేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. చప్పుడు లేనిదీ ఒక బండేనా అని తిట్టుకుంటుండగానే, మన ఈడువాళ్ళకే తెలిసిన ఆ పాత కార్బురేటర్ ఇంజన్ల ఉరుము చెవిలో మోగి, కరోనా ఆంక్షలు ఎత్తేసిన చలికాలంలో వచ్చిన అమెరికా పెద్దావిడ గుర్తొచ్చింది.

మా కఫీలుకు, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, పాత కార్ల పిచ్చి. ఆయన ఎక్కడో వేలంలో కొన్న ఒక్క సీటు రేసు కారును, జగిత్యాలలో స్కూటర్లు విప్పి పని నేర్చుకున్న నేనూ, నాతో పనిచేసే నెల్లూరు భాయీ కలిసి నెలల తరబడి బాగుచేశాం. డెబ్బై ఏళ్ళ కిందట దాన్ని నడిపినాయన పేరు అమెరికాలోనే ఎవరికీ తెలియదట. వారమంతా ట్రాక్టర్లు బాగుచేసి, ఆదివారం మట్టి ట్రాకుల మీద దుమ్ము మింగుతూ పందేలాడినవాడు, అన్నిటికన్నా పెద్ద పందెంలో ఏటా ప్రయత్నించి ఒక్కసారే చోటు సంపాదించి, ఆ ఒక్కసారీ సగంలోనే ఇంజన్ చెడి దిగిపోయినవాడు. పెద్దావిడ ఆయన కూతురు. చిన్నప్పుడు ఆ కారును కంచె బయటినుంచి చూడటమేగాని ముట్టుకున్నది లేదట. అది ఇక్కడుందని తెలిసి, ఒక్కసారి తన చేత్తో నడపాలని ఇంత దూరం వచ్చింది, ఆ సాయంత్రమే తిరుగు విమానం.

ఇక నా నిర్వాకం వినండి. కొత్తగా రోడ్డెక్కే బండికి మర్యాద చెయ్యాలి కదా అని, బొట్టు పెట్టి, చక్రాల కింద నిగనిగలాడే ఆకుపచ్చ నిమ్మకాయలు పెట్టాను. వాటిని చూడగానే ఆమె వెనక్కి తగ్గింది. ఆ కాలపు రేసుగాళ్ళకు ఆకుపచ్చ రంగంటే చెడ్డ శకునమనీ, ఆ రంగు చొక్కా వేసుకున్నవాణ్ణి ఆమె తండ్రి దగ్గరికే రానిచ్చేవాడు కాదనీ ఆమె అంటే, ఇంగ్లీషు తెలిసిన భాయి నాకు విడమరిచి చెప్పాడు. అబ్బ, నాకెంత సంతోషమైందో! శకునాలన్నీ మనకే ఉన్నాయనుకున్నాను ఇంతకాలం. వీధి చివరి బకాలా కొట్టుకు పరుగెత్తి, బుట్టంతా తిరగేసి, పసుపు రంగుకు పండిన కాయలు ఏరి తెచ్చి మార్చాను.

తీరా ఎక్కమంటే ఆమె కదల్లేదు. ఆడది కారు దగ్గరికొస్తే కూడా చెడే జరుగుతుందని నాన్న నమ్మేవాడనీ, ఒక శకునం పాటించి ఇంకొకటి ఎలా తోసెయ్యననీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు జాలీ వేసింది, ఆ పెద్దమనిషి మీద కోపమూ వచ్చింది.

"అమ్మా, ఆ దిష్టికి గూడ ఈ నిమ్మకాయలే సరిపోతయి. యల్లా, ఎక్కమ్మా," అన్నాను.

భాయి దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాడోగాని, ఆమె నవ్వేసి లోపలికి దిగింది. మేమిద్దరం వెనకనుంచి నెట్టాం, నిమ్మకాయలు చితికాయి, ఇంజన్ ఒకసారి దగ్గి, మళ్ళీ దగ్గి, షెడ్డు రేకులు అదిరేలా గర్జించింది! ఆమె ఇసుక రోడ్డు చివరిదాకా పోయి, తిరిగొచ్చి, ఆగకుండా మళ్ళీ పోయింది. కఫీలు ఫోను తియ్యడం మరిచి చప్పట్లు కొట్టాడు, నేనైతే ఈ వయసులో గంతులే వేశాను.

దిగాక ఆమె అడిగింది ఒక్కటే.

"మా నాన్న చూసుంటే ఏమనేవాడు?"

ఇప్పుడు దుబాయ్‌లో ఆడవాళ్ళు టాక్సీలు నడుపుతున్నారు, ఎవరూ తలతిప్పి చూడటం లేదు. ఆమెను ఆపిన కంచె ఎప్పుడో పోయింది, ఆపినాయనా పోయాడు. కానీ ఆ రోజు మేమెంత చప్పట్లు కొట్టినా, ఆమె చెప్పుకోవాలనుకున్నది ఆయనకే.