ఆరడుగుల దండయాత్ర

2022 ఫిబ్రవరి ఆఖరున నేను తిరుత్తణి తాలూకాలో ఫిర్కా సర్వేయర్‌ని. ఫిర్కా అంటే కొన్ని గ్రామాల గుంపు, వాటి హద్దు తగాదాలన్నీ నా నెత్తిమీదే. మణవాళనగర్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ణి. ఆ వారం పెట్టె నిండా సేనాధిపతులే. రష్యా ఉక్రెయిన్ మీద పడింది, ఎందుకు పడిందో ప్రతివాడికీ తెలుసు.

కే.జీ.కండిగైలో మగ్గం నేసుకునే రాజమ్మ అర్జీ పెట్టుకుంది. పక్క పొలం పెద్దరైతు మునిరత్నం ఆమె ఇంటి వెనక జాగా కొసన కంచెను ఆరడుగులు లోపలికి జరిపాడు. ఆరడుగులే కదా అనుకోవచ్చు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును పొడవునా సాగదీసి గంజి పెట్టాలి. ఆ జాగా సరిగ్గా పడుగంత పొడవు. కొస తెగితే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే ఆమె పొయ్యి ఆరిపోతుంది.

మా పద్ధతిలో ఇరుపక్షాలకూ ముందు నోటీసు ఇచ్చి, వాళ్ళ ఎదుటే కొలవాలి. మునిరత్నం తమిళ పేపరు చంకలో పెట్టుకుని, రష్యాను తిట్టుకుంటూ వచ్చాడు. నా నోరు ఊరుకోదు. అంత పెద్ద దేశానికి ఇంకా నేల ఎందుకని అడిగాను.

"భయం సార్! పక్కింటోడు ఊరికే ఉంటే పరవాలా. బయటోళ్ళతో చేరినాడంటే మన వాకిటికే ముప్పు. పైగా నీళ్ళదారి కావల్ల. ఒకప్పుడు అంతా మాదేనని గూడా అంటా ఉండారు" అన్నాడు. విశ్లేషణ బాగుంది, నిజంగానే మెచ్చుకున్నాను.

టేపు కొస పట్టుకున్న రాజమ్మ మాత్రం మెచ్చుకోలేదు. "మామా, పోయిన నెల పెద్దల ముందర నువ్వు చెప్పినావే, అదే గదా ఇది? ఆవడి నుంచి మా తమ్ముడొచ్చి ఈడ ఇల్లు కడతాడని నీకు భయం. నీ బోరు పైపుకి దారి కావల్ల. మీ తాత కాలంలో ఇదంతా మీదే!"

గురివింద గింజ తన నలుపెరగదు. "అది యుద్ధం సార్, ఇది జాగ్రత్త" అన్నాడు మునిరత్నం, పేపరు మడుస్తూ.

ఎఫ్.ఎం.బి. అనే మా కొలతల పటంలో జాగ్రత్తకు చోటు లేదు, పొడవులే ఉంటాయి. టేపు లాగితే కంచె ఆరడుగులు లోపలే తేలింది. హద్దు రాయి పాతించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. గొణుక్కుంటూనే మర్నాడు మునిరత్నం కంచె వెనక్కి జరిపాడు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

ఇన్నేళ్ళ సర్వీసులో, కారణం లేకుండా జానెడు నేల ఆక్రమించినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. అందుకే ముందు కొలవడం, తర్వాత వినడం నేర్చుకున్నాను. రాజమ్మకు అర్జీ పెట్టుకోవడానికి ఒక తాలూకా ఆఫీసైనా ఉంది. ఉక్రెయిన్‌కు కొలిచి రాయి పాతే సర్వేయరు లేడు.