ఆరుగురు బుద్రిలు

చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరుతుంటే ఆ గలగలకు నా చేయి ఆగిపోయింది. పాప నిద్రపోయింది. రేపు దానికి టీకా. జ్వరం వస్తుందేమోనని ఇప్పటినుంచే భయం. ఆ చప్పుడులో లచ్చిమి అత్త గుర్తొచ్చింది. అరకు దగ్గర మా పక్కింట్లో ఉండేది, కాఫీ గింజలు ఏరే షెడ్డులో మేస్త్రి. కళ్లు మూసుకుని తడిమినా పుచ్చు గింజ ఆమె వేళ్లకు దొరికిపోయేది. సెలవుల్లో నేనూ ఆ షెడ్డులో కూర్చుని ఏరేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను డిగ్రీలో ఉండగా, షెడ్డు మూతపడింది. పని పోయిన ఆడవాళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందన్నారు. పాత రిజిస్టరు దొరకలేదు కనుక పనివాళ్లనే జాబితా ఇమ్మన్నారు. "సదువుకున్న గుంటవి, నువ్వు రాసీయే. ఒక్కొక్కరినీ అడిగి రాయి," అంది అత్త. నేను ఎవరినీ అడగలేదు. అందరూ తెలిసినవాళ్లే కదా అని ఉత్త పేర్లు రాసిచ్చాను. కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. బుధవారం పుట్టిన బుద్రిలు మా షెడ్డులో ఆరుగురు.

జాబితా తిరిగొచ్చేసరికి ఐదుగురు బుద్రిల మీద ఎర్రగీతలు. ఒకే మనిషి పేరు ఆరుసార్లు రాశామట. వానాకాలం తిండికి ఆ డబ్బునే నమ్ముకున్నారు వాళ్లు. నాకు ఏడుపొచ్చింది.

"ఏడిసి ఏటి సేత్తావు? రేపు బస్సెక్కుదుం, పద," అంది అత్త.

మర్నాడు ఆఫీసు వరండాలో ఐదుగురిని నిలబెట్టింది. ఆరో బుద్రి నాలుగు రోజుల బాలింత, రాలేకపోయింది. అధికారి బయటికి రాగానే అత్త, "ఓలే బుద్రీ!" అని కేకేసింది.

"ఓయ్!" ఐదు గొంతులు ఒక్కసారే పలికాయి.

"ఇంకొకర్తి బాలింత బాబూ, కొండ మీదుంది. మరి కాస్త గట్టిగా అరవమంటారా?"

ఆయనకు నవ్వాగలేదు. కుర్చీ వరండాలోకి తెప్పించుకుని, ఐదుగురి తండ్రుల పేర్లు, ఊళ్లు తనే రాసుకున్నాడు. ఆరో పేరు దగ్గర కలం ఆగింది. "మనిషిని చూడకుండా రాస్తే నన్ను అడుగుతారమ్మా. శనివారంతో గడువు."

"మీరే రండి బాబూ. సగం దూరం జీపు వత్తాది, మిగతా సగం మీ కాళ్లు వత్తాయి."

వస్తాడని నేననుకోలేదు. శుక్రవారం మోకాళ్లదాకా బురదతో బాలింత ఇంటికి వచ్చాడు. పసిగుడ్డును చూసి, "ఈమె కూడా బుద్రేనా?" అన్నాడు.

"కాదు, సుక్కురారం పుట్టిన సుక్రి," అంది అత్త. "మీ ఆఫీసుకి బయపడి రెండ్రోజులు ఆగి పుట్టింది."

ఆయన నవ్వుతూ కాగితం నా చేతికిచ్చి రాయమన్నాడు. "ఈసారి అడిగి రాయే," అంది అత్త మెల్లగా.

"మీ నాన్న పేరేటి పిన్నీ?" అని బాలింతను అడిగాను. రెండేళ్లు సెలవులన్నీ ఆమె పక్కనే కూర్చుని గింజలు ఏరాను. ఆ పేరు వినడం అదే మొదటిసారి.

డబ్బు రావడానికి మరో ఏడాది పట్టింది. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆరుగురికీ వచ్చింది.

అత్త ఇప్పుడు లేదు. పోయిన నెల టీకాల దగ్గర లైన్లో నా వెనకామె కార్డు చాపి, "ఇది మా పాపదేనా అమ్మా?" అంది. ఆమెకు చదవడం రాదట. పాప పేరు అడిగితే కార్డు మీది పేరుతో కలిసింది. నా చంకలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది, లోపలినుంచి నన్ను పిలుస్తున్నారు. అయినా ఆగి, ఆమె పేరు, ఊరు కూడా అడిగి కార్డులో చూశాను.

ఆ కార్డు ఇంకో పాపది.